పాత సైకిల్: ఓవరాయిలింగా, కండెమా?

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో ఎవరైనా రిటైరై క్వార్టర్ ఖాళీ చేస్తున్నారంటే వెనక వసారాలోంచి ఓ పాత సైకిల్ బయటపడటం మామూలే. ఈమధ్య అలాంటిదొకటి 1,200 రూపాయలకు మా ఇంటికి చేరింది. పాలవాళ్లు వాడే నల్ల సైకిల్ కాదు. పొట్టేలు కొమ్ముల్లా కిందికి తిరిగిన హ్యాండిల్, సన్నటి టైర్లు, పది గేర్లు ఉన్న రోడ్ సైకిల్. వయసు ముప్పై అయిదేళ్ల పైమాటే. కోనిలో ఉన్న గురు ఘాసీదాస్ విశ్వవిద్యాలయంలో కొత్తగా చేరిన మా మేనకోడలు దాన్ని చూడగానే, "మావయ్యా, బాగుచేయించి ఇవ్వు, రోజూ దీనిమీదే వెళ్తాను" అంది.

బుధవారీ బజార్లో సైకిల్ మేస్త్రి దాన్ని ఓసారి ఎత్తి దించి, దీనికి పెట్టే డబ్బుతో కొత్తదే వస్తుంది కదా అన్నాడు. మా అన్నయ్య మాత్రం, పాత ఇనుము గట్టిది, ఇలాంటి సరుకు ఇప్పుడెక్కడ దొరుకుతుందని వాదించాడు. ఒకరిది ధర మాట, ఇంకొకరిది అభిమానం మాట. రెండూ అవసరమే గాని, ముందు అడగాల్సినవి కావని నా అభిప్రాయం. ఏ భాగం విరిగితే పిల్ల రోడ్డుమీద పడుతుంది? ఆ భాగం ఏ లోహంతో చేసింది? ముందు ఈ రెండింటికి జవాబు తెలియాలి.

ఈ ప్రశ్నలు రైల్వేవాళ్లకు కొత్త కాదు. 1887లో ఏర్పడ్డ బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచీ శ్రీకాకుళం, విజయనగరం వైపు కుటుంబాలు పనికోసం ఈ లైన్ల వెంట కదిలాయి. రాయపూర్–విజయనగరం మార్గం 1931లో పూర్తయ్యాక రాకపోకలు ఇంకా సులువయ్యాయి. మా కుటుంబమూ అలా వచ్చిందే. ఇంట్లో చిన్నప్పటినుంచీ విన్న మాటలు రెండు: ఓవరాయిలింగ్, కండెమ్. అసలు మాట ఓవర్‌హాలింగే అయినా, నూనె పెట్టడమూ అందులో భాగమే కాబట్టి మనవాళ్లు మార్చుకున్న పేరే నాకు బాగుందనిపిస్తుంది. వ్యాగన్ చక్రం అరిగి నిర్ణయించిన వ్యాసం కన్నా తగ్గితే అది కండెమ్. అది ఎన్ని వేల టన్నుల బొగ్గు మోసిందన్నది ఎవరూ చూడరు. కొలత చూస్తారు, అంతే.

ఈ పద్ధతి వెనక పెద్ద విషాదమే ఉంది. 1842 మే 8న ఫ్రాన్స్‌లో వెర్సాయ్ నుంచి పారిస్ వెళ్తున్న రైలింజను ఇరుసు విరిగింది. బోల్తాపడిన పెట్టెలు అంటుకుని యాభైమందికి పైగా చనిపోయారు. అంతవరకూ బాగా పనిచేస్తున్న ఇరుసు, మోయగలిగిన బరువునే మోస్తూ ఎందుకు విరిగింది? తర్వాతి దశాబ్దాల్లో ఆగస్ట్ వ్యూలర్ అనే జర్మన్ రైల్వే ఇంజనీరు ఇరుసులను తిప్పుతూ, వంచుతూ లక్షలసార్లు పరీక్షించాడు. ఒక్కసారి మోపితే లోహానికి ఏమీ కాని బరువు కూడా మళ్లీమళ్లీ పడితే సన్నటి పగులు మొదలవుతుందనీ, అది కొద్దికొద్దిగా పాకి చివరికి ఒక్కసారిగా విరుగుతుందనీ ఈ పరిశోధనలతో స్పష్టమైంది. ఇంజనీర్లు దీన్నే లోహపు అలసట అంటారు.

పాత సైకిల్ దగ్గర పనికొచ్చేది వ్యూలర్ చూసిన ఇంకో సంగతి. ఉక్కు మీద పడే ఒత్తిడి ఒక హద్దు లోపలే ఉంటే, ఎన్ని లక్షలసార్లు పడినా అది దాదాపు విరగదు. అల్యూమినియానికి అలాంటి స్పష్టమైన హద్దు లేదు. ఒత్తిడి తక్కువైతే ఎక్కువకాలం వస్తుంది, అంతేగాని ప్రతి గుంతా దాని ఆయువులోంచి కాస్త తీసుకుంటూనే ఉంటుంది. అంటే మా అన్నయ్య మాట సగం నిజం. చక్కగా చేసిన ఉక్కు ఫ్రేముకు ముప్పై అయిదేళ్లు పెద్ద వయసు కాదు. కానీ అదే సైకిల్‌కు అల్యూమినియం హ్యాండిల్, దాన్ని పట్టి ఉంచే స్టెమ్ ఉంటాయి. రోడ్ సైకిల్ తొక్కేవాళ్లు ముందుకు వంగి ఒంటి బరువులో మంచి వాటా వాటిమీదే వేస్తారు. దానికితోడు హ్యాండిల్‌కు చుట్టిన టేపు కింద ఏళ్లతరబడి ఉప్పు చెమట చేరి లోహాన్ని తినేస్తుంది. జనం తుప్పుపట్టిన ఫ్రేమును చూసి భయపడి, మెరిసే హ్యాండిల్‌ను చూసి ధైర్యపడతారు. నేను దానికి తిరగేసి ఆలోచించమంటాను.

తుప్పు సంగతి తేలికైనదనుకోకండి. వ్యూలర్ చూపిన హద్దు శుభ్రమైన ఉక్కుకే వర్తిస్తుంది. తుప్పు గుంటలు చేసినచోట ఒత్తిడంతా ఆ గుంట అడుగున పోగవుతుంది, పగులు అక్కడే మొదలవుతుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా తడిసే ఈ ఊళ్లో వసారాలో పెట్టిన సైకిల్‌కు పైన కనిపించే తుప్పు కన్నా లోపలిది ముఖ్యం. సీటు గొట్టం సందులోంచి దిగిన నీరు చివరికి పెడళ్ల ఇరుసు ఉండే గొట్టంలో నిలుస్తుంది. అందుకే సీటు కడ్డీ బయటికి లాగి, లోపలికి టార్చి వేసి చూడాలి. ఫ్రేమును తలకిందులు చేసి తట్టాలి. పొడి రాలితే పర్వాలేదు. పెచ్చులు రాలుతుంటే బయటినుంచి స్క్రూడ్రైవరు మొనతో అక్కడ గట్టిగా నొక్కి చూడాలి. గొట్టం లోపలికి దిగిపోతే ఇక చర్చే లేదు, కండెమ్.

మా సైకిల్ సీటు కడ్డీ మూడురోజులు కదల్లేదు. అల్యూమినియం కడ్డీ, ఉక్కు గొట్టం, మధ్యలో తేమ. రెండు వేర్వేరు లోహాలు అలా కలిస్తే చిన్న బ్యాటరీలా పనిచేసి అల్యూమినియం తినుకుపోతుంది. అప్పుడు పుట్టే తెల్లటి ఆక్సైడు అసలు లోహం కన్నా ఎక్కువ చోటు ఆక్రమించి కడ్డీని బిగించేస్తుంది. సుత్తితో బాదితే ఫ్రేమే పాడవుతుంది. తుప్పు వదిలించే నూనె పోస్తూ, ఆగుతూ, అటూ ఇటూ తిప్పుతూ ఉంటే నాలుగోనాడు వచ్చింది. లోపల పెచ్చులు కొన్ని రాలాయి గాని ఎక్కడా గొట్టం మెత్తబడలేదు.

ఫ్రేము నిటారుగా ఉందో లేదో చూడటానికి దారం చాలు. వెనక చక్రం కూర్చునే ఒక చెంప నుంచి దారం కట్టి, ముందు హ్యాండిల్ గొట్టం చుట్టూ తిప్పి, రెండో చెంపకు తెచ్చి బిగించాలి. సీటు గొట్టానికీ దారానికీ మధ్య దూరం రెండువైపులా ఒకేలా ఉండాలి. మాది రెండు మిల్లీమీటర్లు తేడా ఉంది, అది సర్దుకునేదే. ఇంకోటి, హ్యాండిల్ గొట్టం వెనక, కింది గొట్టం అడుగున రంగు ముడతలుపడి ఉంటే ఆ సైకిల్ ఎప్పుడో దేన్నో ఎదురుగా గుద్దిందని అర్థం. ఇలా ముడత కనిపిస్తే నేనైతే ఊరికే ఇచ్చినా తీసుకోను. కుండను కొన్నట్టు వేలితో కొట్టి శబ్దం వినే వాళ్లూ ఉన్నారు. రైలు చక్రాన్ని సుత్తితో కొట్టి విన్నట్టే కదా అంటారు. చక్రం ఒకే ముద్ద, ఫ్రేము అతుకులు వేసిన గొట్టాల కూర్పు. దాని శబ్దాన్ని నమ్మను, వెలుతురునే నమ్ముతాను.

ఆ వెలుతురులోనే స్టెమ్ దొరికిపోయింది. హ్యాండిల్‌ను బిగించే బోల్టు పక్కన వెంట్రుకంత గీత. గోరు తగులుతోంది. తుడిచినా పోలేదు.

రిమ్ముల విషయంలో మేస్త్రితో నా వాదన ఇంకా తెగలేదు. అవి క్రోమ్ పూత ఉన్న ఉక్కు రిమ్ములు, గుండ్రంగానే తిరుగుతున్నాయి, మార్చడం దండగ అంటాడతను. ఎండాకాలంలో నిజమే. క్రోమ్ అద్దంలా నున్నగా ఉంటుంది. వాన పడితే దానికీ బ్రేకు రబ్బరుకూ మధ్య నీటిపొర నిలుస్తుంది, బ్రేకు నొక్కినా సైకిల్ సాగిపోతూనే ఉంటుంది. అల్యూమినియం రిమ్ము మీద తడిలో కూడా రబ్బరుకు అంతకన్నా మంచి పట్టు దొరుకుతుంది. హ్యాండిల్‌కు నేను తప్పుపట్టిన లోహాన్నే రిమ్ముకు కోరుకోవడం వింతగా తోచవచ్చు. ముప్పై అయిదేళ్లు వాడిన అల్యూమినియం వేరు, కొత్తది వేరు. పైగా రిమ్ములో పగులు మొదలైతే చువ్వల చుట్టూ బయటికి కనిపిస్తుంది.

అన్నిటికన్నా తికమక పెట్టేది చక్రం కొలత. పాత రోడ్ సైకిల్‌కు 27 అంగుళాలని రాసి ఉంటుంది. టైరు కూర్చునే చోట దాని అసలు వ్యాసం 630 మిల్లీమీటర్లు. నల్ల సైకిళ్లకు వాడే 28 అంగుళాల ఒకటిన్నర టైరుది 635. ఇప్పటి గేర్ల సైకిళ్లలో ఎక్కువగా కనిపించే 700సీ టైరుది 622. కొన్ని మిల్లీమీటర్ల తేడాయే అయినా ఒకదాని టైరు ఇంకోదానికి సరిగా కూర్చోదు. మా ఊరి దుకాణాల్లో 630 టైరు దొరకలేదు. 622 రిమ్ములు వేస్తే బ్రేకు రబ్బర్లు నాలుగు మిల్లీమీటర్లు కిందికి దించాలి. మా బ్రేకుల్లో అంత జాగా ఉంది. కొనేముందు ఈ నాలుగు మిల్లీమీటర్లు కొలుచుకోకపోతే రిమ్ముల డబ్బు వృథా.

ఇక డబ్బు. రిమ్ములు, చువ్వలు, టైర్లు, స్టెమ్, హ్యాండిల్, చైను, కేబుళ్లు కలిపి 5,500 దాకా అవుతుంది. మేస్త్రి చెప్పింది అబద్ధం కాదు, ఆ డబ్బుకు గేర్లు లేని కొత్త సైకిల్ వస్తుంది. పాతది వాడితే పర్యావరణానికి మంచిదని చెప్పి ఆ లెక్కను దాటేయలేం. మన దేశంలో ఒక టన్ను ఉక్కు తయారైతే సుమారు రెండున్నర టన్నుల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. మూడు కిలోల ఫ్రేముకు ఏడున్నర కిలోలు. లీటరు పెట్రోలు కాలిస్తే వచ్చేది సుమారు 2.3 కిలోలు. అంటే ఫ్రేమును కాపాడి మనం మిగిల్చేది మూడు లీటర్ల పెట్రోలంత. స్కూటీ బదులు దీన్ని కొన్ని వారాలు తొక్కితే అంతకన్నా ఎక్కువే మిగులుతుంది. బాగుచేసి మళ్లీ వసారాలో నిలబెట్టేట్టయితే ఆ లాభం కూడా లేదు. అందుకే ఈ ఖర్చుకు నేను ఒప్పుకున్నది ఇనుము మీద ప్రేమతో కాదు, ఆ పిల్ల నిజంగా తొక్కుతుందన్న నమ్మకంతో. ఆ నమ్మకం లేకపోతే మేస్త్రి సలహాయే మంచిది.

స్టెమ్, హ్యాండిల్ కండెమ్ చేశాం. ఫ్రేము ఉంచాం. రిమ్ములు వచ్చి బిగించేదాకా, వానలున్నన్నాళ్లూ ఆమె యూనివర్సిటీకి ఆటోలోనే. వెంటనే ఎర్ర రంగు వేయించమని అడిగింది గాని ఒప్పుకోలేదు. రంగు మందంగా పడితే వచ్చే ఏడాది ఏదైనా పగులు మొదలైనా కనిపించదు. తుప్పు గీకినచోట పల్చగా ప్రైమరు వేసి వదిలేశాను. ప్రస్తుతానికి అది మచ్చల మేకలా ఉంది.