నిడదవోలు కోడలి ఆఖరి యుద్ధం

2015లో గుణశేఖర్ 'రుద్రమదేవి' వచ్చినప్పుడు మా హాల్లో ఈలలన్నీ గోన గన్నారెడ్డికే. వెయ్యనీండి, అల్లు అర్జున్ కదా! నా బాధల్లా రానా వేసిన వీరభద్రుడి గురించి. ఆయనెవరనుకున్నారు? మన నిడదవోలు చాళుక్యుల అబ్బాయి! అంటే కాకతి మహారాణి వరసకి మన గోదావరి కోడలన్నమాట. నిడదవోలు జంక్షన్లో బండి కోసం కూర్చున్నవాళ్ళలో ఎందరికి తెలుసీ సంగతి?

సినిమాకి యవ్వనం కావాలి, ఒప్పుకుంటాను. కానీ అసలు క్లైమాక్సు రాతి మీద ఉంది. నల్గొండ జిల్లా చందుపట్ల శాసనం, 1289 నవంబరు 27 నాటిది. చనిపోయిన రుద్రమకూ, సేనాని మల్లికార్జున నాయకుడికీ పుణ్యం కోసం పువ్వుల ముమ్మడి అనే బంటు దేవుడికి దానమిచ్చాడు. అప్పటికామె గద్దెనెక్కి పాతికేళ్ళు దాటింది. కూతురి కొడుకు ప్రతాపరుద్రుడు ఎదిగొచ్చాడు. హాయిగా కోటలో కూర్చోవచ్చు! అయినా తిరగబడ్డ కాయస్థ అంబదేవుడి మీదికి తనే కదిలిందనీ, ఆ పోరులోనే పోయిందనీ చరిత్రకారుల మాట.

గెలుపు కాదండోయ్, ఓటమి. మన హీరోకి అలా రాస్తే కుర్చీలు విరుగుతాయి. నేనైతే ఆ పెద్ద రాణి కోసం మొదటాటకే టిక్కెట్టు కొంటాను. ఆ వేషం ఎవరికి నప్పుతుందో రాయండి చూద్దాం.