కష్టకాలంలో సంఘం: పిడికెడు బియ్యం మాటేమిటి?

సిద్దిపేట జిల్లా పల్లెల్లో ఆదివారం ఆరాధనకు వెళ్లేవారికి ఒక సంగతి తెలిసే ఉంటుంది. పాటలయ్యాక సాక్ష్యాల వేళ వస్తుంది. బోరులో నీళ్లు పడ్డవారు, కొడుక్కు కొలువు దొరికినవారు, ఆపరేషన్ అయి క్షేమంగా ఇల్లు చేరినవారు లేచి దేవునికి స్తోత్రం చెబుతారు. సంఘమంతా చప్పట్లు కొడుతుంది. బోరు ఎండినవారు, పత్తి తడిసి నల్లబడినవారు, బిడ్డ పెళ్లికి తెచ్చిన అప్పుకు మిత్తి కట్టలేనివారు మాత్రం లేవరు. నాలుగు వారాలు వెనుక చాప మీద కూర్చుంటారు. ఐదో వారం రారు.

‘విశ్వాసంలో చల్లారిపోయారు’ అని అప్పుడు సంఘంలో మాట పుడుతుంది. అసలు కారణం చాలాసార్లు అది కాదు. కానుకలిచ్చినవారి పేర్లు, ఇచ్చిన సొమ్ము మైకులో చదివే సంఘాలు ఉన్నాయి. జేబులో పది రూపాయలు లేనివాడు ఆ జాబితా చదువుతుంటే ఎటు చూడాలి? అప్పు ఇచ్చిన మనిషి అదే గుడిలో ముందు వరుసలో కూర్చుని ఉంటే, వెనుక ఉన్నవాడు ఏమని ప్రార్థించాలి? అతడు దేవుడిని విడిచిపెట్టలేదు. నలుగురిలోకి రావడానికి మొహం చెల్లక ఇంటి దగ్గర ఆగిపోయాడు. ఈ తేడాను సంఘ పెద్దలు గుర్తించడం లేదు.

అంతకంటె బాధాకరమైన మాట మరొకటి వినవస్తున్నది. ‘నీ విశ్వాసం చాలలేదు, అందుకే పంట పోయింది’ అని కొన్ని కూడికల్లో మొహం మీదే చెబుతున్నారు. అసలే దెబ్బతిన్న రైతుకు ఇది గోరుచుట్టు మీద రోకటిపోటు. బైబిల్లో యోబు స్నేహితులు చేసిందీ ఇదే. ఆస్తి, బిడ్డలు, ఆరోగ్యం అన్నీ పోయి బూడిదలో కూర్చున్న మనిషి ముందు చేరి, నీ పాపం వల్లనే నీకు ఈ గతి పట్టిందని వాదించారు. చివరకు దేవుడు కోపించింది ఆ స్నేహితుల మీదనే. యోబు కథ ప్రసంగాల్లో ఎన్నిసార్లు వచ్చినా, ఆ స్నేహితుల దగ్గర మాత్రం ఎవరూ ఎక్కువసేపు ఆగరు.

హబక్కూకు ప్రవక్త ప్రార్థన కూడా గమనించదగినది. చెట్టు పూయలేదు, పొలం పండలేదు, కొట్టంలో పశువు లేదు అని ఆయన నష్టాన్ని ఒక్కొక్కటిగా లెక్క చెప్పిన తరువాతనే దేవునియందు ఆనందిస్తానన్నాడు. నష్టం దాచి చెప్పిన సాక్ష్యం కాదది. మరి మన గుడుల్లో నష్టపోయినవాడు లేచి తన లెక్క చెప్పుకునే వీలు ఎక్కడున్నది?

ఈ ప్రాంతపు సంఘాలకు కరువు కొత్త కాదు. 2016 అక్టోబరు 11న వేరే జిల్లా కేంద్రమయ్యేదాకా సిద్దిపేట పట్టణం మెదక్ జిల్లాలోనిదే. మెదక్ పెద్ద చర్చి చూడనివారు ఇక్కడి క్రైస్తవ కుటుంబాల్లో అరుదు. అది కరువులో లేచిన గుడి. మొదటి ప్రపంచ యుద్ధం నాటి రోజుల్లో తిండికి కటకటలాడుతున్న జనానికి వెస్లియన్ మిషన్‌కు చెందిన చార్లెస్ వాకర్ పోస్నెట్ దొర ఆ కట్టడం మీద పని చూపించారు. పని చేసినవారికి తిండి దొరికింది. పదేళ్లు సాగిన పని అది. మధ్యలో 1918లో లోకమంతా ఇన్‌ఫ్లుయెంజా జ్వరం వచ్చి ఇళ్లకు ఇళ్లు ఊడ్చుకుపోయింది. 1924 డిసెంబరు 25న గుడి ప్రతిష్ఠ జరిగింది. వెడల్పు 100 అడుగులు, పొడవు 200 అడుగులు, గోపురం ఎత్తు 175 అడుగులు. 2024లో నూరేళ్లు నిండాయి. వెళ్లినవారు రంగుటద్దాల కిటికీలు చూసి, ఫొటోలు దిగి వస్తున్నారు. ఆ గోడల వెనుక ఉన్న కూలి లెక్క మాత్రం మరిచారు. ఆకలిగొన్నవారికి అక్కడ నిరీక్షణ అనే మాట ముందుగా కూలి రూపంలో, గంజి రూపంలో అందింది.

కూటి కోసం మతంలో కలిశారన్న ఎత్తిపొడుపు ఆనాటి నుంచి ఉన్నదే. ఒంగోలు సంగతి దానికి కొంత జవాబు చెబుతుంది. 1876-78 నాటి ధాత కరువులో బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో సుమారు మూడున్నర మైళ్ల పని కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి కల్పించారు. కరువు సహాయం నడిచినంతకాలం ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. తిండి కోసం వచ్చినవారెవరో, నమ్మి వచ్చినవారెవరో తేలాలన్నది ఆయన పట్టుదల. పని ముగిసి, ఇచ్చేది ఏమీ లేదని తెలిసిన తరువాత కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏటిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. సహాయానికీ మతానికీ నడుమ ఆయన గీసిన ఆ గీత ఈనాటికీ పనికివచ్చేదే.

పెద్ద మిషన్లు, సీమ డబ్బు ఉన్న కాలం అది, ఇప్పుడెక్కడిది అంటారు కాబోలు. దోర్నకల్లు బిషప్ అజరయ్య కాలంలో అక్కడి పల్లె సంఘాల స్త్రీల వద్ద సీమ డబ్బు లేదు. వారిలో ఎక్కువమంది కూలి చేసుకునేవారే. అన్నం వండే ప్రతిపూటా ఎసట్లో పోయబోయే బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేసేవారు. ఆ కుండ గుడికి చేరేది. దశమభాగం ఇవ్వలేని ఇల్లు కూడా పిడికెడు ఇవ్వగలిగేది. తీసుకునేవాడికీ, ఇచ్చేవాడికీ నడుమ అంత ఎడం ఉండేది కాదు. ఈ రివాజు సిద్దిపేట పల్లెల్లో మళ్లీ మొదలుపెట్టడానికి ఎవరి అనుమతీ అవసరం లేదు. స్త్రీల కూటములు పూనుకుంటే చాలు. అయితే ఆ బియ్యం ముందుగా వెళ్లవలసింది గుడి ఖాతాలోకి కాదు, ఐదో వారం రాని ఇంటికి.

ఇందులో పాస్టర్లను మాత్రమే తప్పుపట్టడం న్యాయం కాదు. సొంతంగా చిన్న సంఘం నడుపుకునే అయ్యగారి ఇల్లు కూడా కానుకల మీదనే గడవాలి. 2020లో లాక్‌డౌన్ వచ్చి ప్రార్థనా స్థలాలు మూతపడి, జూన్ 8 దాకా తెరుచుకోలేదు. ఆ ఏడు ఈస్టరు ఇళ్లలోనే జరిగింది. ఆ నెలల్లో అయ్యగార్ల ఇళ్లు ఎలా గడిచాయో సంఘాలు అడిగి తెలుసుకున్నది తక్కువే.

జిల్లాకు రంగనాయక సాగర్, కొండపోచమ్మ సాగర్ 2020లో వచ్చాయి. మల్లన్న సాగర్ 2022లో వచ్చింది. నీళ్లు వచ్చినచోట సంతోషమే. కాని కాలువ అందని చెలకలు ఇంకా ఉన్నాయి. కౌలు చేసేవారికి, బీడీలు చుట్టే స్త్రీలకు, మగ్గం మీద బతికే దుబ్బాక చేనేతవారికి నీటితోనే కష్టం తీరదు. వీరి ఇళ్లలో ఎవరైనా మాటలు తగ్గించి, తిండి మానేసి, ఒంటరిగా పొలం గట్ల వెంట తిరుగుతుంటే అది ఉపవాస ప్రార్థన దాకా ఆగే విషయం కాదు. అయ్యగారు ఆ రోజే వెళ్లి పక్కన కూర్చోవాలి, డాక్టరుకు చూపించాలి. ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలీ మానస్‌కు 14416 నంబరుపై ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు. ఆ నంబరు ప్రతి చర్చి గోడ మీద రాసిపెట్టడానికి ఖర్చు ఒక చిన్న డబ్బా రంగు. దేవుడు వైద్యుడి చేత పని చేయించడని బైబిల్లో ఎక్కడా లేదు. సువార్త రాసిన లూకాయే వైద్యుడు.

పంట ఇల్లు చేరిన తరువాత కోత పండుగలు వస్తాయి. గుమ్మడికాయ, కోడి, మక్క కంకులు, కొత్త వడ్లు తెచ్చి బల్ల ముందు పెట్టి, ఆరాధన అయ్యాక వేలం వేస్తారు. పంతం మీద ఒక్కో కోడి సంత ధరకు రెండు మూడింతలు కూడా పలుకుతుంది. ఆ డబ్బు చాలాచోట్ల గోడలకు రంగులకు, మైకు సెట్టుకు పోతున్నది. ఈసారి వేలానికి ముందే పెద్దలు కూర్చుని, ఊళ్లో ఆ ఏడు దెబ్బతిన్న ఇళ్లు ఏవో, గుడికి వచ్చేవైనా రానివైనా, ఒక కాగితం మీద రాసుకుంటే ఎవరికి ఎంతన్నది ఆ రాత్రే తేలిపోతుంది. ఆ కాగితాన్ని మాత్రం మైకులో చదవకూడదు.