పన్నెండు దాకా లెక్కొస్తే చాలు

వానాకాలం రాగానే ఏజెన్సీ గూడేల్లో చంటిపిల్లలు రాలిపోతారు. పేపర్లో నాలుగు లైన్ల వార్త వస్తుంది. వెంటనే ఓ అధికారి మైకు ముందుకొచ్చి "వాళ్లు ఆస్పత్రికి రారండీ, మూఢనమ్మకాలెక్కువ" అనేస్తాడు. మీరూ వినే ఉంటారు. కొందరు నమ్మారు కూడా. నమ్మినవాళ్లకే ఈ మాటలు.

ప్రాణహిత దాటితే గడ్చిరోలి. ఈ ఒడ్డున గోండులు, ఆ ఒడ్డునా గోండులే, లోపలి అడవుల్లో మాడియాలు. డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణీ బంగ్ దంపతులు అక్కడ సెర్చ్ అనే సంస్థ పెట్టి 1980ల నుంచి పనిచేస్తున్నారు. 1988లో వాళ్లు పట్టుకున్న సమస్య పిల్లల నిమ్ము. డాక్టర్లు న్యుమోనియా అంటారు. బిడ్డ డొక్కలెగరేస్తుంటే తల్లికి ముందే తెలుస్తుంది. ఊపిరి వేగం లెక్కపెట్టగలిగితే చాలు, ఎక్స్‌రే లేకుండానే జబ్బు పట్టుకోవచ్చు. రెండు నెలల లోపు బిడ్డకి నిమిషానికి 60కి చేరితే ప్రమాదం.

చిక్కేంటంటే, ఊళ్లోని మంత్రసానులకి 12కి మించి లెక్క రాదు. మన ఆఫీసుల్లో అయితే "అర్హత లేదు" అని రాసి ఫైలు మూసేసేవాళ్లు. అక్కడ మాత్రం ఒక చట్రానికి పూసలు గుచ్చారు, పక్కన నిమిషం కొలిచే ఇసుక గడియారం పెట్టారు. పది ఊపిరులకి ఒక పూస జరపాలి. ఇసుక జారిపోకముందే ఎర్ర పూస జరిగిందంటే నిమ్మే, మందు మొదలుపెట్టాలి. అంతే.

1990లో లాన్సెట్ పత్రికలో ఫలితం అచ్చయింది. ఊరి స్థాయిలోనే కోట్రైమాక్సజోల్ అందిన 612 కేసుల్లో చావులు నూటికి ఒకటి కూడా లేవు. పోలిక కోసం తీసుకున్న ఊళ్లలో నూటికి 13 పైనే. ఆ పోలిక ఊళ్లలో పోయిన పిల్లలూ మన పిల్లలేనండీ. అంత ఖరీదు పెట్టి సంపాదించిన రుజువుని బీరువాలో పెట్టి తాళం వేసినవాళ్లని చూస్తే ఒళ్లు మండుతుంది.

తర్వాత 39 ఊళ్లలో ఇంకో అడుగు ముందుకేశారు. బడి చదువు దాటని ఊరి ఆడవాళ్లకి పురిటిబిడ్డని తూచడం, వెచ్చగా ఉంచడం, పుట్టగానే ఊపిరి అందకపోతే అందించడం నేర్పారు. ఒళ్లంతా పాకే ఇన్‌ఫెక్షన్‌ని గుర్తుపట్టి జెంటామైసిన్ సూది వేయడం కూడా నేర్పారు. వెయ్యికి 62 మంది పసికందులు నెలలోపే పోయే చోట, మూడేళ్లలో ఆ లెక్క 25కి దిగింది. ఇది అచ్చయింది 1999లో. ఆ మూఢనమ్మకాలు ఎక్కడికి పోయాయో ఇప్పుడు చెప్పండి! తమ మనిషి, తమ భాషలో, తమ గుమ్మంలోకి మందు తెస్తే ఏ తల్లి వద్దంటుంది?

2011లో కేంద్రం ఈ పద్ధతిని ఆశా కార్యకర్తలకి అప్పగించింది. బిడ్డ పుట్టిన 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికెళ్లి చూడాలి. ఆరుసార్లకీ కలిపి 250 రూపాయలని కట్టారు. అంటే ఒక్కో నడకకి 42 రూపాయలు కూడా పడదు. వాగు పొంగితే ఆ నడక ఎలా ఉంటుందో కట్టినవాళ్లకి తెలుసా? ప్రాణం నిలబెట్టిన ఆ సూది మాత్రం ఆశ చేతికివ్వలేదు. 2014లో ఏఎన్ఎంకి ఇచ్చారు, అదీ కొన్ని పరిస్థితుల్లోనే. నడిచే కాళ్లు మా ఆడవాళ్లవి కావాలి, మందు మాత్రం రోడ్డు దగ్గరే ఆగాలి!

2018లో బంగ్ దంపతులకి పద్మశ్రీ ఇచ్చారు. అదే ఏడాది అభయ్ బంగ్ అధ్యక్షుడిగా ఉన్న ఆదివాసీ ఆరోగ్య నిపుణుల కమిటీ నివేదిక కూడా ఇచ్చింది. సన్మానానికి చప్పట్లు మోగాయి, నివేదిక మూల పడింది.

ఆస్పత్రి వద్దని ఎవరంటున్నారు? రోడ్డు, డాక్టరు, అంబులెన్సు అన్నీ కావాలి, అవి మా హక్కు. కానీ రోడ్డు పడేదాకా పురిటిబిడ్డ ఊపిరి ఆగదు కదా. డోలీ మోసే ఆ పది కిలోమీటర్లలో ఏమవుతుందో మోసినవాళ్లని అడగండి.

మీది గూడెమైతే, వచ్చే గ్రామసభలో నాలుగు మాటలు అడగండి. మన ఆశ మన భాష మాట్లాడుతుందా? ఆమె సంచిలో తూకం, థర్మామీటరు, నిమ్ము మందు ఉన్నాయా? ఆమెకి నెల జీతం ఎందుకు లేదు? ఈ ఏడాది నెల నిండకుండా పోయిన బిడ్డలెందరు? పేర్లు చదివించండి. తీర్మానం రాయించి, నకలు మీ దగ్గర ఉంచుకోండి.