టర్బో కొనేముందు పైపులు చూడు

వారం వారం నాకొచ్చే మెసేజుల్లో సగం ఒకటే ప్రశ్న: "అన్నా, ఏ టర్బో వేస్తే బండి ఎగిరిపోద్ది?" ఈసారి అడిగింది మా వింజమూరు కుర్రాడే. పాత స్విఫ్ట్ డీజిల్ ఉంది. కువైట్‌లో పనిచేసే వాళ్లన్న లక్షన్నర పంపాడంట, అదంతా పెద్ద టర్బోకే పెడతానంటాడు. లక్షన్నర వెనక ఎంత ఎండ ఉంటుందో మన ఊళ్లో ఒకరు చెప్పక్కర్లేదు. అందుకే జవాబు కాస్త పొడుగ్గా రాస్తున్నా.

ఆ 1,248 సీసీ ఇంజిన్ ఫియట్ మల్టీజెట్. స్విఫ్ట్‌లో మామూలు టర్బోతో 75 పీఎస్, 190 ఎన్ఎం ఇచ్చేది. ఇదే ఇంజిన్ ఎర్టిగాలో వీజీటీ టర్బోతో 90 పీఎస్, 200 ఎన్ఎం ఇచ్చింది. వీజీటీ అంటే టర్బైన్ చుట్టూ కదిలే రెక్కలుంటాయి, పొగ తక్కువున్నప్పుడు దారి ఇరుకు చేసి చక్రాన్ని వేగంగా తిప్పుతాయి. "అయితే ఎర్టిగా టర్బో తెచ్చి బిగిస్తే సరిపోలా?" సరిపోదబ్బయా. ఆ రెక్కలు ఎప్పుడు ఎంత తిరగాలో ఈసీయూకి తెలియాలి. దానికి వైరింగు, మ్యాపు అన్నీ మారాలి. ఇంత తిప్పలుపడితే వచ్చేది 15 పీఎస్. ఉన్న టర్బో ఆరోగ్యంగా ఉంటే మంచి రీమ్యాప్ ఒక్కటే దాదాపు అంత ఇస్తుంది.

అసలు సమస్య మన ఎండ. గాలిని నొక్కితే వేడెక్కుతుంది, సైకిల్ పంపు పట్టుకున్నవాడికెవడికైనా తెలుసు. మే నెలలో 40 డిగ్రీల గాలిని టర్బో రెట్టింపు ఒత్తిడికి నొక్కితే, కంప్రెసర్ సామర్థ్యం 70 శాతం అనుకున్నా, బయటికొచ్చే గాలి దాదాపు 138 డిగ్రీలు. చిన్న టర్బోని శక్తికి మించి తిప్పి సామర్థ్యం 60కి పడిందా, 150 దాటుతుంది. వేడి గాలి పల్చన. పెట్రోల్ బండైతే నాకింగ్ మొదలై పిస్టన్లకి ఎసరు పెడుతుంది. డీజిలైతే నల్లపొగ, టర్బైన్ దగ్గర మంట. చలిదేశంలో చేసిన మ్యాపుని ఇక్కడ యథాతథంగా ఎక్కించేవాళ్లని చూస్తే నాకు భయం. ముందు డబ్బులు ఇంటర్‌కూలర్‌కి పెట్టండి. టర్బో అంత అందంగా కనపడదు, ఫొటోకి లైకులూ రావు, అదొక్కటే దాని లోపం.

పెట్రోల్ వాళ్లకి ఒక లెక్క. 200 హార్స్‌పవర్ కావాలంటే ఇంజిన్ నిమిషానికి సుమారు 9 కిలోల గాలి మింగాలి. దానికి తగ్గ పెట్రోలు నిమిషానికి ఒక లీటరు! మీ పంపు, ఇంజెక్టర్లు అంత పొయ్యగలవా? టర్బో కంపెనీవాళ్లు ఇచ్చే కంప్రెసర్ మ్యాపులో మీ గాలి, మీ బూస్ట్ కలిసే చుక్క ఎక్కడ పడుతుందో చూడండి. ఎడమవైపు సర్జ్ గీత దాటితే గాలి వెనక్కి తన్నుతుంది. మరీ కుడికి పోతే టర్బో హీటర్ అవుతుంది.

సైజు సంగతి. ఆత్మకూరు, ఉదయగిరి రోడ్ల మీద మనం తోలేది 1,500 నుంచి 3,000 ఆర్‌పీఎం మధ్యలోనే. మలుపు తిరిగితే గేదె, తర్వాత ట్రాక్టరు. 4,000 దాటాక నిద్రలేచే పెద్ద టర్బోతో ఓవర్‌టేక్‌కి పోతే, తొక్కినప్పుడు రాని పవరు ఎదురు లారీ కనపడ్డాక వస్తుంది. అందుకే చిన్నదే, త్వరగా లేచేదే నా ఓటు.

వింజమూరు తమ్ముడికి: ముందు బూస్ట్ పైపుల్లో లీకు చెక్ చేయించు. క్లిప్పు వదులైతే పవరంతా అక్కడే పోతది. టర్బో షాఫ్ట్ ఆట, ఆయిల్ చెమ్మ, ఎయిర్ ఫిల్టర్, క్లచ్ చూపించు. తర్వాతే రీమ్యాప్. అదీ ఎగ్జాస్ట్ వేడి కొలిచి, లాగ్ ఫైలు నీ చేతికిచ్చేవాడి దగ్గరే. 750 డిగ్రీలు దాటి నిలబడుతుంటే బూస్ట్ కాదు, డీజిల్ తగ్గించమను. మిగిలిన డబ్బు టైర్లకి, బ్రేకులకి.

ఒక మాట, మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఉంది. అనుమతిలేని మార్పుకి ఒక్కోదానికి 5,000 జరిమానా, ఆరు నెలల వరకు జైలు కూడా పడొచ్చు. ఇన్సూరెన్స్ వాళ్లకి చెప్పకుండా చేస్తే క్లెయిమ్ రోజున వాళ్లే నీకు గుర్తు చేస్తారు. నిండుగా తొక్కి చూడాలని ఉంటే చెన్నై పక్కన ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ ఉంది.

లీకు టెస్ట్ అయ్యాక ఫొటోలు పంపు. మీ అన్నకి ఫోన్ చేసి, డబ్బు ఇంకా ఖర్చు కాలేదని చెప్పు.