మాట నేర్పే చదువుకు మాకు దారేదీ?

బళ్లారిలో మా అక్క కొడుక్కి మూడేళ్లు నిండినా మాట సరిగా రాలేదు. 'మగపిల్లోడు, నిదానంగా మాట్లాడతాడులే' అన్నారు పెద్దోళ్లు. వసకొమ్ము అరగదీసి నాకించమన్నారు ఇంకొకరు. అదీ అయింది. చివరికి స్పీచ్ థెరపీకి తీసుకెళ్లాం. అక్కడి అమ్మాయి బొమ్మలు చూపిస్తూ పేర్లు అడిగింది. పాలగ్లాసు బొమ్మ చూసి వాడు 'పాలు' అన్నాడు. 'హ' పలకడం లేదు, బదులుగా 'ప' అంటున్నాడు అని ఆమె కాగితం మీద రాసుకుంది. కన్నడంలో పాలను హాలు అంటారు కదా! వాడు పలికింది తప్పు కాదు, తెలుగు.

పక్కనున్న నేను చెబితే ఆమె నవ్వి కొట్టేసింది. మంచి పిల్ల. మంగళూరు వైపు నుంచి వచ్చింది, తెలుగు ముక్క రాదు. అది ఆమె తప్పెలా అవుతుంది? కానీ మేం లేచేటప్పుడు ఇంకో మాట చెప్పింది. 'ఇంట్లో తెలుగు మానేయండి. కన్నడం ఒక్కటే మాట్లాడండి' అని.

అక్క ఆ రాత్రి ఏడ్చింది. ఆమె కన్నడం బజారు వరకే. జోల, ముద్దు, కోపం అన్నీ తెలుగులోనే. తెలుగు మానేయమంటే బిడ్డతో మాటే మానేయాలి. రెండు భాషలు వినడం వల్ల మాట ఆలస్యం కాదని, ఇంటిభాష మాన్పించాల్సిన పని లేదని ఈ రంగంలో పరిశోధనలు ఎప్పుడో చెప్పాయి. ఆ సంగతి మన ఊళ్లదాకా ఇంకా సరిగా రాలేదు.

ఈ పని నేనే నేర్చుకుంటే ఏం అనిపించింది. ముప్పై నాలుగేళ్లు, బీఏ చదివాను, రెండు భాషల్లో రాసి బతుకుతున్నాను. 1965లో పెట్టిన అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ మైసూరులోనే ఉంది. రాత్రి హంపి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే పొద్దునకు దిగొచ్చు. కానీ రైలు దొరికినంత సులువుగా సీటు దొరకదని విచారిస్తే తెలిసింది. స్పీచ్ పాథాలజీలో రెండేళ్ల పీజీ చేయాలంటే ముందు బీఏఎస్‌ఎల్‌పీ అనే డిగ్రీ ఉండాలి. అది ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగేళ్లు. అందులో చేరాలంటే ఇంటర్‌లో సైన్సు చదివుండాలి. పదహారేళ్లప్పుడు ఆర్ట్స్ తీసుకున్న పాపానికి తలుపు మూసేశారు! బీఎస్సీ చదివి ఏ బ్యాంకులోనో పనిచేస్తున్నవారికైనా మళ్లీ మొదటి ఏడాది నుంచే. పెళ్లాం బిడ్డలున్నోడు నాలుగూ రెండూ ఆరేళ్లు జీతం లేకుండా ఎట్లా చదువుతాడు?

అమెరికాలో ఇలా లేదు. వేరే డిగ్రీ చదివినవారు అవసరమైన కొన్ని పేపర్లు ముందు పూర్తిచేసి, ఆ తర్వాత పీజీలో చేరొచ్చు. అలా చేరేవారిలో టీచర్లుంటారు, భాషాశాస్త్రం చదివినవారుంటారు. అట్లని అక్కడ చదువు తేలికేం కాదు. సర్టిఫికెట్ కావాలంటే 400 గంటలు క్లినికల్ అనుభవం చూపించాలి. పీజీ అయ్యాక పర్యవేక్షణలో ఇంకొంత కాలం పనిచేయాలి.

అడ్డదారి ఇవ్వమని నేను అడగడం లేదు. ఈ పనంటే పిల్లలకు 'ర' పలికించడం ఒక్కటే కాదు. పక్షవాతం వచ్చినవారికి మింగడం నేర్పేదీ వీళ్లే. పొరపాటైతే అన్నం మెతుకు ఊపిరితిత్తుల్లోకి పోతుంది, ప్రాణం మీదికొస్తుంది. అందుకే 1992 నాటి పునరావాస మండలి చట్టం రిజిస్ట్రేషన్ లేకుండా ఈ వృత్తి చేయడం నేరమంది. ఆ కట్టుబాటు ఉండాల్సిందే. కానీ శరీరశాస్త్రం, ధ్వనిశాస్త్రం, భాషాశాస్త్రం ఏడాదో ఏడాదిన్నరో గట్టిగా చదివించి, పరీక్ష పెట్టి, నెగ్గినవారిని పీజీలోకి తీసుకుంటే నష్టమేంటి? రాయదుర్గం, ఆదోని, ఆలూరు ఆంధ్రలో ఉండిపోయి, 1953 అక్టోబరు 1న బళ్లారి మైసూరు రాష్ట్రంలో కలిసింది. అప్పటి నుంచి రెండు భాషల మధ్య బతుకుతున్నాం. హోసూరు, బరంపురం తెలుగోళ్లదీ ఇదే కథ. రెండు భాషలూ వచ్చిన పెద్దవాళ్లు ఈ ఊళ్లలో కావలసినంత మంది ఉన్నారు. సైన్సు సర్టిఫికెట్టే లేదు.

బీఏ వాళ్లకు తెరిచున్న తలుపు ఒకటుంది. అది స్పెషల్ ఎడ్యుకేషన్‌లో రెండేళ్ల బీఈడీ. వినికిడి లోపమున్న పిల్లలకు పాఠాలు చెప్పొచ్చు. థెరపిస్టు అనిపించుకోలేం, చికిత్స చేయలేం. అయినా దాని దరఖాస్తు తెచ్చిపెట్టుకున్నా. ఇంట్లో ఇంకా ఒప్పుకోలేదు.

అక్క మాత్రం తెలుగు మానలేదు. మావాడు మొన్న 'మామా, పాలొద్దు, టీ కావాలి' అన్నాడు. టీ ఇవ్వలేదనుకోండి.