గడప మీది మాట

కుసుమంచిలో కాకతీయుల నాటి గణపేశ్వరాలయపు రాతిగడప దాటేవాని అడుగు తనంత తానే నెమ్మదిస్తుంది. ఇంటిగడపకు పసుపు పూసి, పైన మామిడాకులు కట్టే తెలుగు ఇల్లాలు కోరేదీ ఆ నెమ్మదినే. కాని ఆ గడపకూ తోరణానికీ నడుమ వ్రేలాడే తెరకు మాత్రం చెప్పవలసిన మాట ఏదీ ఉన్నట్లు తోచదు. అంగడిలో దొరికే అచ్చుపూల గుడ్డ చాలుననుకొంటున్నారు.

జపానులో ఆ తెరను నోరెన్ అంటారు. అవిసెనార వంటి నారబట్టను నడుమ చీల్చి వాకిట కడతారు. దుకాణం తెరవగానే వ్రేలాడదీసి, మూయగానే దించుతారు. కాబట్టి వర్తకుని నోరెన్ అంటే అతని పరువు. కొన్ని తెరలమీద జెన్ గురువుల సూక్తులను కుంచెతో వ్రాస్తారు. పాదాల క్రింద చూచుకొమ్మనే హెచ్చరిక జెన్ మఠాల వాకిళ్లలో కనబడుతుంది. పాదరక్షలు సరిగా విడువుమని వాచ్యార్థం. నిన్ను నీవు చూచుకొమ్మని ధ్వని. ఆ మాటకు గడపకంటె తగిన చోటు లేదు.

ఇది తెలుగువారెరుగని విద్య కాదు. కరక్కాయ, పాలు పట్టించిన నూలుబట్టమీద, ఇనుపముక్కలను బెల్లపునీట ఊరవేసి తీసిన నల్లని ద్రవంతో, వెదురుకలం పట్టి శ్రీకాళహస్తి చిత్రకారులు రామాయణ భారత కథలను గీశారు. బొమ్మలవెంట తెలుగులో కథ వ్రాశారు. ఆ తెరలు దేవాలయాలలో వ్రేలాడినవి. క్షీణించిన ఆ కళకు 1957లో ఏర్పడిన శిక్షణకేంద్రం ఊపిరి పోసింది. కాని బట్ట చీరగా, దుప్పటిగా అంగడికెక్కేసరికి బొమ్మ నిలిచింది, అక్షరం జారిపోయింది. కలంకారీ పేరులో కలం మిగిలింది, వ్రాత తగ్గింది.

సూక్తిని తెరకెక్కిస్తే నాలుగురోజులకు అది కంటికి ఆనదని కొందరనవచ్చు. ఇంటివారి విషయంలో అది నిజమే. దైవస్తుతిని రాకపోకల గుడ్డమీద వ్రాయడమూ తగదు. అయితే గడపకు పద్యం అక్కరలేదు. మండువేసవిలో ఖమ్మం సీమలో ‘దప్పిక తీర్చుకొని పొండి’ అన్న పొట్టిమాట చాలు. వచ్చినవాడు దానిని చదువుతాడు. చదివినవానికి మంచినీళ్లు ఇవ్వక ఇంటివానికి తప్పదు. తెరమీది అక్షరం అలంకారం కాదు, ఒక పూచీ.

జపాను తెరకు నకలు కొనడం సులభం. శ్రీకాళహస్తి కలానికి బొమ్మతోపాటు అక్షరాన్ని కూడ అప్పగించి, ఆ శ్రమకు తగిన వెల చెల్లించడం అంతకంటె మేలు. ఆ తెర వ్రేలాడిన ఇంట తెలుగు గోడకెక్కిన పటంగా కాక, వాకిట నిలిచి అతిథిని పలకరిస్తుంది.