వరద సాయం: దాతలను ఏం అడగాలి? ముందు ఎవరికి ఇప్పించాలి?

2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల్లో కురిసిన కుండపోత వానలకు బుడమేరు విజయవాడను, మున్నేరు ఖమ్మాన్ని ముంచెత్తాయి. ప్రకాశం బ్యారేజీ నుంచి రికార్డు స్థాయిలో 11.43 లక్షల క్యూసెక్కుల నీరు కిందికి వెళ్లింది. ఆ రోజుల్లో స్వచ్ఛంద సంస్థలు, యువకులు, చుట్టుపక్కల ఊళ్లవాళ్లు అన్నం వండి పంపారు. పడవలు పోలేని చోటికి డ్రోన్లతో పొట్లాలు అందించారు. 1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెన తర్వాత ఎన్టీఆర్, ఏఎన్నార్ స్వయంగా తిరిగి విరాళాలు సేకరించారు. ఆపదలో ఆదుకోవడం మనవాళ్లకు కొత్త కాదు.

అయితే ఈ సాయంలో రైతుకు ఒక లోటు ఉంటోంది. దాతలు ఎక్కువగా మొదటి వారంలో, రోడ్డు బాగున్న ఊరికి వస్తారు. రైతు కష్టం నీరు తీసిన తర్వాత మొదలవుతుంది. ఇసుక మేటలు, మునిగిన మోటారు, కుళ్లిన గడ్డివాము, మళ్లీ విత్తనం. అప్పటికి దాతలు వెళ్లిపోయి ఉంటారు. తప్పు వాళ్లది కాదు. మన అవసరం మనం చెప్పకపోతే పట్నం వాళ్లకు ఎలా తెలుస్తుంది?

ఒక వరదప్పుడు నేను చూశాను. రోడ్డు పక్క ఊరికి ఒకే పూట మూడు వ్యాన్ల పులిహోర వచ్చింది. మిగిలింది గేదెలకు పెట్టారు. రెండు గేదెలు కడుపుబ్బి పడిపోయాయి. కట్ట అవతలి ఊరికి మాత్రం ఒక్క మోపు గడ్డి చేరలేదు.

ఊరు చేయాల్సిన పనులు

1. జాబితా రాయండి. నీరు తీయగానే ఐదారుగురు కూర్చుని ఎన్ని పశువులు, ఎన్ని ఎకరాల్లో మేట, ఎన్ని మోటార్లు పాడయ్యాయో రాయండి. ఒక ప్రతి రైతు సేవా కేంద్రంలో లేదా రైతు వేదికలో ఇవ్వండి. ఏ దాత వచ్చినా అదే చూపించండి.

2. గడ్డి అడగండి. గేదెకు రోజుకు 6 కిలోల ఎండుగడ్డి లెక్కన 50 గేదెలకు పది రోజులకు 3 టన్నులు కావాలి. మిగిలిన అన్నం, పులిసిన పొట్లాలు పశువులకు పెట్టకండి. గొంతువాపు, జబ్బవాపు టీకాల గురించి పశువైద్యుడిని అడగండి.

3. విత్తనం పేరు చెప్పి అడగండి. "ఏదైనా ఫర్వాలేదు" అనకండి. ఆలస్యమైన నాట్లకు స్వర్ణ లాంటి దీర్ఘకాలిక రకం ఇస్తే చేతికి రాదు. 120 రోజుల ఎంటీయూ 1010 లాంటివి కోరండి. ట్యాగు లేని సంచి ఉచితంగా ఇచ్చినా తీసుకోకండి.

4. మేట తీసేముందు ఫోటో తీయండి. 2022–26 కాలానికి కేంద్రం ఇచ్చిన విపత్తు సాయం నిబంధనల్లో 3 అంగుళాలకు మించిన మేటకు హెక్టారుకు 18,000 రూపాయలు, పాడి గేదె చనిపోతే 37,500 రూపాయలు ఉన్నాయి. పంటకైతే నష్టం 33 శాతం లేదా అంతకన్నా ఎక్కువ ఉండాలి. అధికారి చూసి నమోదు చేసుకోక ముందే దాతల ట్రాక్టర్లతో చదును చేయిస్తే ఆధారం పోతుంది. చనిపోయిన పశువును పూడ్చేముందూ ఇంతే.

ముందు ఎవరికి?

ఇది అన్నిటికన్నా ముఖ్యం. ప్రభుత్వ పరిహారం కాగితాన్ని బట్టి వస్తుంది. కౌలు కార్డు లేని రైతు పెట్టుబడి పోగొట్టుకున్నా, డబ్బు చాలాసార్లు భూయజమాని ఖాతాలో పడుతుంది. దాత ఇచ్చేదానికి పాసుపుస్తకం అక్కర్లేదు. అందుకే ఆ విత్తనం, ఆ డీజిలు, ఆ గడ్డి ముందుగా కార్డు లేని కౌలు రైతుకు, ఒక్క గేదె మీద బతికే కూలీ కుటుంబానికి చేరేలా జాబితాలో వాళ్ల పేర్లు పైన రాయండి. పట్టా ఉన్నవాళ్లు ఇందుకు ఒప్పుకోవడం కష్టమే. కానీ వచ్చే ఏడాది మీ పొలం కౌలుకు చేసేది వాళ్లే.

తుపానుల కాలం డిసెంబరు దాకా ఉంటుంది. వాన రాకముందే ఈ వారం ఊళ్లో ఒకసారి కూర్చోండి. కౌలు రైతుల పేర్లు, పశువుల లెక్క ఇప్పుడే రాసి పెట్టుకోండి.